మచ్చు

గుంటూరు కోర్టులో నా బల్ల మీద
అట్ట ఊడిన నిఘంటువొకటి ఉంది.
లోపల బార్ లైబ్రరీ ముద్ర,
తిరిగి ఇవ్వాల్సిన తేదీ వెళ్ళిపోయి పదకొండేళ్ళు.
ఈ పనిని ఏమంటారో
అందులోనే వెతకాలి.

ఇవాళ నేను తర్జుమా చెయ్యాల్సిన నోరు దీనమ్మది.
మిర్చియార్డు వెనక గోడౌన్లో తొడిమలు తీసే మనిషి.
తేజ రకం తాలుకాయలు, ఆరొందల గ్రాములు,
సీలు వేసిన పొట్లంలో కోర్టుకొచ్చాయి.
విప్పేసరికి బంట్రోతు తుమ్మాడు, పీపీ గారు తుమ్మారు,
మెజిస్ట్రేటు గారు చేతిరుమాలు వెతుక్కున్నారు.
దీనమ్మ తుమ్మలేదు.
ముప్పయ్యేళ్ళుగా ఆ ఘాటు ఆమె ముక్కులో కాపురముంది.

"దొంగిలించావా?"
"లేదయ్యా. తొడాలు తీత్తా ఉంటే ఒళ్ళో పడ్డయ్యి.
కొంగున ముడేసుకున్నా."

ఆ ముడిని ఇంగ్లీషులోకి విప్పడం నా ఉద్యోగం.

మనకైతే మాటలకేం తక్కువ?
పిల్లాడు బెల్లంముక్క కాజేస్తాడు,
గుమాస్తా చిల్లర నొక్కేస్తాడు,
బస్టాండులో పర్సు కొట్టేస్తారు,
మాన్యం భూములు కైంకర్యమైపోతాయి,
చుట్టాలింట్లో చెంచా పోతే
చేతివాటం అని గొంతు తగ్గిస్తాం.
మా నాయనమ్మ ఇవేవీ అనేది కాదు,
ముచ్చిలించాడు అనేది.
ముచ్చు ఒకప్పుడు నిండు దొంగ.
కన్నపుగోరు ఎక్కడో పోగొట్టుకుని
ఇప్పుడు వట్టి చూపుగా మిగిలాడు,
ముచ్చుచూపు, ముచ్చుమొహం.

మధ్యాహ్నం పెరుగన్నం ఓ పక్క, నిఘంటువు ఓ పక్క.
స్టీల్ అనే మాటకి స్టెల్త్ అని ఒక తోబుట్టువు.
అదీ ఒకప్పుడు దొంగతనమేనట,
వృత్తి మానేసి ఇప్పుడు పిల్లినడక ఒక్కటే నడుస్తోంది.
నాయనమ్మ ముచ్చుకి సీమలో తోడు దొరికింది.

రాబ్, రోబ్ ఒక్క కడుపున పుట్టాయట.
ఓడినవాడి ఒంటి మీంచి వలిచిన గుడ్డే
ముందు దోపిడి, ఆ తర్వాత దుస్తు.
తలెత్తితే వరండా నిండా
నల్ల గౌన్లు నడుస్తున్నాయి.
పేజీ తిప్పేశాను.

లూట్ దగ్గర వేలికి మెతుకు అంటుకుంది.
ఆ మాట ఇటువైపుదే,
ఉత్తరాది బజార్ల నుంచి ఓడెక్కింది.
మాటల్లేక పట్టుకెళ్ళలేదు,
అప్పటికే వాళ్ళ దగ్గర గోతాం నిండా ఉన్నాయి.
ఏం పోయిందో రాయండి అంటే
ఏమని రాస్తాం?
పోవడం అనే మాటే పోయింది.

మూడింటికి మళ్ళీ పిలుపు.
"అయ్యా, ఒక్క మాట.
రైతు బస్తా కోసినప్పుడల్లా
కమీషనాయన దోసెడు తీత్తాడు, కొనేటాయన దోసెడు తీత్తాడు,
మచ్చుకాయలంటారు.
తిరిగి పోయటం నేను చూళ్ళా.
పొద్దుగూకేసరికి ఆ మచ్చే బస్తా అవుద్ది.
దాన్నేమంటారు?"

"అడిగినదానికి జవాబు చెప్పమ్మా," పీపీ గారు.

మచ్చుకి శాంపిల్ అని రాశాను.
తప్పేం లేదు.
మచ్చుకీ ముచ్చుకీ ఒక్క కొమ్మే తేడా.
అది ఎవరికి తగిలించాలో
యార్డులో కాటాకి తెలుసు.
ఇంగ్లీషులో కొమ్ములు లేవు.

"ఒళ్ళో పడ్డయ్యి"ని రెండు రకాలుగా రాసి కొట్టేశాను.
కొట్టేశాను!
చివరికి అయిదక్షరాలు వేశాను: స్టోల్.
లక్ష్మీపురం షోరూముల్లో వేలాడే గుడ్డకీ అదే స్పెల్లింగు,
భుజాన కప్పుకుంటారు, అంచు కిందికి జారుతుంటుంది.
రెంటికీ చుట్టరికం ఉందేమోనని ఆశగా చూశాను.
లేదు. మొహాలు కలిశాయంతే.
పైకోర్టులో చదివేవాళ్ళకి
అక్కడ కొంగు కనపడుతుందా?

దీనమ్మ వేలిముద్ర వేసి వెళ్ళింది.
ఫైల్లో పెడదామని కాగితం దగ్గరికి తీసుకుంటే
నాకూ తుమ్మొచ్చింది.